బ్యాంకు ఇంటర్న్‌షిప్‌కు పోవడానికి మనకు అడ్డం వస్తున్నది ఏంది?



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదవండి. ఇంజనీరింగ్, ఎంసీఏ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం రాస్తున్న. వాళ్ళ ఇంట్లో పెద్దోళ్ళకు కూడా చదివి వినిపిస్తే ఇంకా మంచిది. ఎందుకంటే చివరికి "పో బిడ్డా" అన్నా, "వద్దు" అన్నా అనేది వాళ్ళే.

నా మాట ముందే చెప్తా. పెద్ద బ్యాంకులు వేసవిలో ఇచ్చే టెక్నాలజీ ఇంటర్న్‌షిప్‌లకు మనోళ్ళు అప్లై చెయ్యాలి. ఎక్కడో ఒకరిద్దరు చేసి ఊరుకుంటే లాభం లేదు, ప్రతి ఏడాదీ ఒక గుంపుగా చెయ్యాలి. తెలివిలో మనోళ్ళు ఎవరికీ తీసిపోరు. ఆగిపోతున్నది ఎక్కడంటే, టైముకు తెలవకపోవడం దగ్గర, పట్నంలో రెండు నెలలు ఉండే గది దగ్గర, మొదటి నెల చేతిలో ఉండాల్సిన పైసల దగ్గర. ఈ మూడింటి గురించి మనం ఎన్నడూ గట్టిగా అడగలేదు.

పోయిన వేసవిలో ఒక పెద్ద విదేశీ బ్యాంకు హైదరాబాద్ ఆఫీసులో నేను పది వారాలు ఇంటర్న్‌గా చేసిన. దాని పేరుతో ఇక్కడ పని లేదు. లోపలి విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టిన కాబట్టి ఎంతవరకు చెప్పొచ్చో అంతే చెప్తా.

మన దగ్గర బ్యాంకు అంటే కౌంటరు, పాస్‌బుక్కు, మేనేజరు. ఇప్పుడు పెద్ద బ్యాంకు అంటే సగం సాఫ్ట్‌వేర్ కంపెనీ. జేపీ మోర్గాన్ చేజ్, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, గోల్డ్‌మన్ సాక్స్, హెచ్‌ఎస్‌బీసీ, వీటన్నిటికీ హైదరాబాద్‌లో టెక్నాలజీ ఆఫీసులున్నాయి. అక్కడ మన ఊరోళ్ళు పోయి పైసలు వేసే కౌంటరు ఉండదు. న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఎవరో కార్డు గీకితే ఆ లెక్క నడిపే ప్రోగ్రాములు ఇక్కడ రాస్తారు, సరిచేస్తారు, రాత్రంతా కాపలా కాస్తారు.

ఇంటర్న్‌షిప్ మామూలుగా మూడో ఏడాది అయ్యాక, మే నుంచి జూలై మధ్యలో, ఎనిమిది నుంచి పది వారాలు ఉంటది. ఎంపిక మాత్రం చాలాచోట్ల అంతకు ముందు ఏడాది వానాకాలంలోనే అయిపోతది. ఈ ఒక్క ముక్క తెలవక మనోళ్ళు చాలామంది మార్చిలో అడుగుతారు, "అన్నా, సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఏమన్నా ఉందా" అని. మార్చికి బస్సు పోయి ఆరు నెలలైతది. ముందు ఆన్‌లైన్ కోడింగ్ పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూలు. కొన్ని బ్యాంకులు హ్యాకథాన్ పెట్టి అందులోంచి తీసుకుంటాయి. జేపీ మోర్గాన్ వాళ్ళ కోడ్ ఫర్ గుడ్ అట్లాంటిదే, స్వచ్ఛంద సంస్థలకున్న సమస్య ఇస్తే జట్టుగా కూర్చొని దానికి ప్రోగ్రాం రాయాలి. వేసవిలో బాగా చేసినోళ్ళకు చివర్లో ఉద్యోగం ఆఫరు ఇస్తారు. దాన్ని పీపీవో అంటారు.

ఇక మన పెద్దోళ్ళు అనే మాట. "బ్యాంకు అంటే ఐబీపీఎస్ రాసుకో, లేకుంటే డీఎస్సీ, గ్రూప్స్ చూసుకో. ప్రైవేటోళ్ళ దగ్గర మనకు రిజర్వేషన్ ఉందా ఏమన్నానా?" ఈ మాటను నేను కొట్టిపారెయ్యను. మా ఇంట్లో మొదటి నెల జీతం తెచ్చింది టీచరైన మా పెద్దమ్మ కొడుకే. ఆ జీతం మీదనే మా ఇద్దరు అక్కలు చదివారు. ఐబీపీఎస్‌లో మనకు 7.5 శాతం ఉంది, తెలంగాణ కొలువుల్లో 2022 నుంచి 10 శాతం ఉంది. అవి మన హక్కు, ఒక్క పోస్టు కూడా వదలొద్దు.

కానీ జీవో 3 సంగతి యాది చేసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఇండ్లల్లో పిల్లల చదువు లెక్క అంతా ఆ జీవో మీద నిలబడ్డది. అది పోయి ఏళ్ళు గడిచినా లెక్క మాత్రం మారలేదు. అదే ఒక్క తలుపు ముందు, అది సగం మూసుకున్నాక కూడా, వందలమందిమి వరస కట్టి ఉన్నాం. డీఎస్సీకి చదివేవాళ్ళు చదవండి. బీటెక్ కంప్యూటర్స్ చేసి, కోడ్ రాయడం వచ్చి కూడా, నాలుగేళ్ళు కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ బట్టీ కొట్టడం నాకు నచ్చట్లేదు.

రిజర్వేషన్ లేనిచోట మనల్ని ఎట్ల చూస్తారు అనే భయం ఉంది చూడండి, అది ఉత్త భయం కాదు. కోడింగ్ పరీక్ష పెట్టే కంప్యూటరు కులం సర్టిఫికెట్ అడగదు, మనుషులు అడుగుతారు. నాతో పాటు చేరిన ఒకతను మూడోరోజే "నీ ర్యాంకు ఎంత" అన్నాడు. ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు, అతనికీ తెలుసు. ర్యాంకు చెప్పేసి, "నీ పని ఎంతవరకు వచ్చింది" అని అడిగిన. మళ్ళీ ఆ ముచ్చట రాలేదు. అందరికీ ఇట్లనే తేలిగ్గా పోతదని చెప్పను. కానీ ఆ ప్రశ్న ప్రభుత్వ ఆఫీసుల్లో కూడా అడుగుతారు కదా.

నాకిచ్చిన పని పేరు రీకన్సిలియేషన్. పేరు చూసి భయపడకండి. ఒక చెల్లింపు జరిగితే అది కనీసం రెండు చోట్ల రాసి ఉంటది. పంపినోళ్ళ వ్యవస్థలో ఒక వరస, అందుకున్నోళ్ళ వ్యవస్థలో ఒక వరస. రోజు చివర ఆ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి కలపాలి. కలిస్తే సరే. కలవకపోతే దాన్ని బ్రేక్ అంటారు. ఒక పక్క పైసలు పోయినట్టుంటది, ఇంకో పక్క వచ్చినట్టుండదు. ఆ బ్రేకులను కారణం ప్రకారం వేరుచేసి, ఏది ఎన్ని రోజుల నుంచి తేలకుండా ఉందో చూపించే చిన్న ప్రోగ్రాం రాయాలి. అంతే నా పని. వెనుక జావా, ముందు పేజీ రియాక్ట్. డేటా అంతా ముసుగేసినదే, ఖాతాదారు ఎవరో మనకు కనిపించదు. పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటరు తీసుకోదు. మొదటి వారమంతా ఏది ముట్టుకోవద్దో చెప్పే వీడియోలే చూపించారు.

రెండో వారంలో ఆ వరసలు చూస్తుంటే మా మేనత్త యాదికొచ్చింది. ఆమె బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి వెయ్యి రూపాయలు తియ్యబోతే మిషన్ ఫెయిల్ అన్నది, ఖాతాలో మాత్రం వెయ్యి కోతపడ్డది. "వస్తాయిలే అత్తా" అని ఆ పిలగాడు పంపించాడు. అవి వచ్చాయా లేదా చూసుకోవడానికి ఆమె మూడుసార్లు మండలానికి పోయి వచ్చింది. మూడు రోజుల కూలి పాయె, ఆటో కిరాయి పాయె. అట్ల వేలిముద్ర లావాదేవీ ఫెయిలై కోతపడ్డ పైసలు ఐదు రోజుల్లో తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు కట్టాలి అని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే రూలు పెట్టింది. మా ఊళ్ళో ఈ రూలు ఒక్కరికి తెలవదు. మా అత్త తిరిగిన మూడు తిరుగుళ్ళు ఏదో ఒక ఆఫీసులో తెర మీద ఒక్క వరస. ఒక బ్రేక్.

అమెరికా బ్యాంకు కోసం రాసిన ప్రోగ్రాం మా అత్త ఖాతాకు పనికిరాదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఎవరన్నా అనేలోపు నేనే చెప్తున్న. కానీ పైసలు ఎక్కడ ఇరుక్కుంటాయి, ఎవరి దగ్గర ఆ వరస కనిపిస్తది, ఏ మాట అడిగితే కదులుతది అనేది నేర్చుకున్న. వచ్చినాక మొదటి పని, మా అత్త స్లిప్పు మీదున్న నంబరుతో ఫిర్యాదు రాసిచ్చిన.

ఇంకో సంగతి. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలి ఆధార్ ద్వారానే పడాలన్నారు. అంటే ఖాతా నంబరు చూసి వెయ్యరు. ఆధార్ నంబరు చివరగా ఏ బ్యాంకుకు లింకయిందో, ఎన్‌పీసీఐ దగ్గరుండే మ్యాపర్ అనే పట్టికలో అదే ఉంటది, పైసలు అక్కడికే పోతాయి. ఎవరో క్యాంపు పెట్టి కొత్త ఖాతా తెరిస్తే, పాత పాస్‌బుక్కు పట్టుకొని ముసలమ్మ బ్యాంకు చుట్టూ తిరుగుతది. పైసలు పడ్డాయి, ఆమెకు తెలిసిన చోట పడలేదు. మనం దీన్ని "సర్వర్ ప్రాబ్లం" అని వదిలేస్తాం. ఎవరో ఒక పద్ధతి ఆలోచించి, రాసి పెట్టారు కాబట్టే అది అట్ల నడుస్తున్నది. రాసింది మార్చొచ్చు. మార్చే మాట చెప్పేవాళ్ళు ఆ గదిలో ఉండాలి కదా.

నా పక్క టీమువాళ్ళు ఖాతాదారుల పేర్లు పోల్చే ప్రోగ్రాం మీద ఉన్నారు. పరీక్ష కోసం పెట్టుకున్న పేర్లన్నిటికీ ముందు పేరు, చివరి పేరు ఉన్నాయి. "ఒక్క పేరే ఉన్న మనిషి వస్తే?" అని అడిగిన. కొట్టి చూశారు. ఫారం ముందుకు పోలేదు. ఆ సాయంత్రమే దాని మీద ఒక టికెట్ రాశారు. పెద్ద ఘనకార్యం ఏం కాదు, నేను అడగకపోతే తర్వాత ఇంకెవరో అడిగేవాళ్ళు. కానీ మా నాయన రేషన్ కార్డులో ఒక్క పేరే ఉంది కాబట్టి నాకు మొదటి నిమిషంలోనే తట్టింది. మన ఇంటిపేర్లు చూడండి. మడకం, మడివి, సోయం, ఇర్పా, ఇవి ఇంగ్లీషు అక్షరాల్లో ఆధార్‌లో ఒక రకం, బ్యాంకులో ఒక రకం, జాబ్ కార్డులో ఇంకో రకం ఉంటాయి. ఒక్క అక్షరం తేడాకు కూలి ఆగిన ఇండ్లు మీ ఊళ్ళో కూడా ఉంటాయి, లెక్కపెట్టి చూడండి.

మన ఏజెన్సీలో చాలామంది ఖాతాలుండే ఏపీజీవీబీ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. దానికోసం ముందు డిసెంబరు ఆఖరి రోజుల్లో లావాదేవీలు ఆపారు. మనకు కనిపించింది పనిచెయ్యని మిషన్. లోపల జరిగింది ఖాతాల లెక్కలన్నీ ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మొయ్యడం. అదీ టెక్నాలజీ పనే, అక్కడా ఇంజనీర్లే కూర్చున్నారు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఐడీఆర్‌బీటీ అని ఉంది, బ్యాంకుల టెక్నాలజీ కోసం రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన సంస్థ. విద్యార్థులను ప్రాజెక్టులకు తీసుకుంటది, వాళ్ళ వెబ్‌సైట్ చూస్తుండండి. విదేశీ బ్యాంకు ఇష్టం లేనోళ్ళకు ఇది దగ్గరి దారి.

ఇప్పుడు అసలు అడ్డం దగ్గరికి వద్దాం.

వేసవి సెలవులు రాగానే హాస్టల్ ఖాళీ చెయ్యమంటారు. ఇంటర్న్‌షిప్ మొదలయ్యేది అప్పుడే. స్టైపెండు వస్తది, బాగానే వస్తది, కానీ నెల నిండాక వస్తది. పీజీ హాస్టల్ వాళ్ళకు అడ్వాన్సు మొదటి రోజే కట్టాలి. గచ్చిబౌలి, రాయదుర్గం పక్క ఒక మంచానికి కిరాయి, దాని మీద అడ్వాన్సు, రెండు జతల మంచి బట్టలు, బూట్లు, మెట్రో చార్జీలు, నెల తిండి. నాకు 20 వేల పైనే పట్టింది. మా నాయన తునికాకు పైసలు వస్తాయని చెప్పి సేటు దగ్గర అప్పు తెచ్చాడు. నాకు స్టైపెండు పడే నాటికి ఆ అప్పుకు ఒక నెల మిత్తి కూడా ఎక్కింది.

తునికాకు అంటే గుర్తొచ్చింది. బ్యాంకోళ్ళ వేసవీ మన వేసవీ ఒకటి కాదు. ఏప్రిల్ ఆఖరు నుంచి మే దాకా ఆకు కోత. 50 ఆకులకు ఒక కట్ట. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని కట్టలు. బీటెక్ చదివే పిలగాడైనా తెల్లారకముందే అడవికి పోవాల్సిందే. అది అయ్యేసరికి జూన్, పత్తి గింజలు పెట్టాలి. పట్నం పిల్లలకు ఇంటర్న్‌షిప్ అంటే ఖాళీగా ఉండే సెలవుల్లో ఒక పని. మనకు మాత్రం ఇంట్లో రెండు చేతులు తగ్గడం. "పది వారాలు వద్దులే బిడ్డా" అని అమ్మ అంటే అది చదువు విలువ తెలవక అన్న మాట కాదు, ఆ ఏడాది లెక్క వేసుకొని అన్న మాట. ఈ లెక్క గురించి మనకు కెరీర్ గైడెన్స్ చెప్పే ఏ సారూ మాట్లాడడు.

కాగితాలు కూడా ముందే చూసుకోండి. పాన్ కార్డు లేకపోతే ఇప్పుడే తీసుకోండి. చేరేముందు అడ్రస్ వెరిఫికేషన్ ఉంటది, ఇంటి నంబరు లేకుండా ఫారం కదలదు. మా గూడెంలో ఇంటి నంబర్లు పంచాయతీ రికార్డులో ఉంటాయి, గోడల మీద ఉండవు. వెరిఫికేషన్ మనిషి ఫోన్ చేసి మా నాయనను "లొకేషన్ షేర్ చెయ్యండి" అన్నాడు. సిగ్నల్ కోసం గుట్టెక్కి మాట్లాడుతున్న మనిషి ఏ లొకేషన్ పంపిస్తాడు? పంపితే గుట్ట అడ్రస్ పోతది. చివరికి పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన కాగితంతో గట్టెక్కింది.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. నాకు తెలిసిన ఒక చెల్లె నాకంటే మంచి మార్కులతో, రెండు ఇంటర్వ్యూలు దాటి ఎంపికైంది. హైదరాబాద్‌లో చుట్టాలు లేరు. తెలవని పీజీలో ఉంచడానికి ఇంట్లో ధైర్యం చాలలేదు. కాలేజీ హాస్టల్‌లో ఒక్క గది ఇవ్వండని అడిగితే సెలవుల్లో మెస్ నడవదు అన్నారు. ఆమె ఆ వేసవంతా ఇంటి దగ్గరే ఉంది. ఆఫరు మెయిల్ ఇప్పటికీ ఆమె ఫోన్లో ఉంది, తీసెయ్యలేదు. నేను ఈ పోస్టు రాయడానికి సగం కారణం ఆ మెయిలే.

లోపలికి పోయినాక ఒక విషయం గట్టిగా పట్టుకోండి. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు అందరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, ఎక్కడ ఆగిందో చెప్పాలి. మన దగ్గర పెద్దోళ్ళ ముందు అడగకుండా మాట్లాడం, అది మర్యాద. అక్కడ మాట్లాడకపోతే పని రాదనుకుంటారు. ఇంగ్లీషు తప్పు పోయినా ఫరవాలేదు. "ఇక్కడ ఆగింది, సాయం కావాలి" అని చెప్పడం రావాలి. అది పని రాకపోవడం కిందికి రాదు, ఆ ఆఫీసుల్లో అది పనిలో భాగమే. రెండు రోజులు ఒక్కరే కూర్చొని తల పగలగొట్టుకునేటోళ్ళు ఎక్కువ నష్టపోతారు.

బ్యాంకును నెత్తిన పెట్టుకొని చెప్తున్ననని అనుకోకండి. వాళ్ళు మన మీద ప్రేమతో పిలవరు. ఖర్చు తక్కువని ఇక్కడ ఆఫీసులు పెట్టారు, లెక్క తేడా వస్తే మనుషులను తీసేస్తారు కూడా. పీపీవో అందరికీ రాదు. ఏఐ వచ్చి కొత్తోళ్ళు చేసే చిన్న పనులు తగ్గుతాయంటున్నారు, ఆ భయం నాకూ ఉంది. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే ఏటీఎం నేను ఇంతవరకు చూళ్ళేదు. ఇద్దరు ముగ్గురం లోపలికి పోయినంత మాత్రాన వస్తదని కూడా చెప్పలేను. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే కంప్యూటరుకు ఆ అక్షరాలు ఇప్పుడు తెలుసు. వాటిని వాడమని అడిగే ఇంజనీరు ఏ బ్యాంకులో ఉన్నాడు?

రెండో ఏడాదిలో ఉన్నోళ్ళు ఇవాళే మొదలుపెట్టండి. అరేలు, స్ట్రింగులు, హ్యాష్ మ్యాపులు, ఎస్‌క్యూఎల్, రోజుకు రెండు లెక్కలు, ఆదివారం కూడా. బ్యాక్‌లాగ్ ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి, చాలా బ్యాంకులు అక్కడే ఆపేస్తాయి. "రిజిస్ట్రేషన్ ఫీజు కడితే బ్యాంకులో ఇంటర్న్‌షిప్" అని వాట్సాప్‌లో వచ్చేవి దొంగవి. ఏ అసలు బ్యాంకూ మన దగ్గర రూపాయి అడగదు.

ఇక మనం అడగాల్సింది. వేసవి సెలవుల్లో గిరిజన సంక్షేమ హాస్టళ్ళ గదులు ఖాళీగానే ఉంటాయి. హైదరాబాద్‌లో అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి, మే నుంచి జూలై దాకా మెస్‌తో సహా తెరిచి ఉంచాలి. ఇంటర్న్‌షిప్ ఆఫరు కాగితం చూపిస్తే మొదటి నెల ఖర్చుకు ఐటీడీఏ అడ్వాన్సు ఇవ్వాలి, స్టైపెండు పడ్డాక రెండు వాయిదాల్లో తిరిగి కట్టించుకోవాలి. ఉచితంగా ఇవ్వమని అడగట్లేదు, సేటు దగ్గరికి పోకుండా చూడమంటున్నాం.

అర్జీ రాసి పెట్టిన. వచ్చే సోమవారం భద్రాచలం గిరిజన దర్బార్‌లో పీవో సార్‌కు ఇస్తున్నాం, నాతో ఇద్దరు తమ్ముళ్ళు, ఆ చెల్లె వస్తున్నారు. ఉట్నూరు, ఏటూరునాగారం వాళ్ళు, అటు పాడేరు, రంపచోడవరం, సీతంపేట వాళ్ళు ఇదే కాగితం మీ ఐటీడీఏలో మీ పేర్లతో ఇవ్వండి. హాస్టల్ పేరు, వేసవిలో ఖాళీగా ఉండే గదుల సంఖ్య రాయడానికి జాగా వదిలిన. మీ దగ్గరి లెక్క మీరే పోయి చూసి నింపండి.